కొత్త గులాబి పుట్టు విధము

మన చిక్కబళ్ళాపురము జిల్లాలో గులాబి రైతునకు కూడు పెట్టు పంట. తెల్లవారుజామున కోసిన పూలు బుట్టలకెక్కి పూలసంతకు చేరును; అచ్చటినుండి బెంగుళూరు మొదలగు పట్టణములకు పోవును. పెండ్లిదండలయందును, దేవుని పటములమీదను, ఆడపిల్లల జడలలోను నిత్యము చూచు ఈ పువ్వును గూర్చి మనము ఒక్క ప్రశ్న మాత్రము అడుగము. ఈ రకము ఎచ్చట పుట్టినది? ఎవరు పుట్టించిరి? నేటి తోటలలోని గులాబులు చాలవరకు అడవినుండి నేరుగా తెచ్చినవి కావు. ఎవరో ఒకరు రెండు మొక్కలను ఎంచి, ఒకదాని పుప్పొడిని మరియొకదానికి అద్ది, వచ్చిన విత్తనములు నాటి, ఏండ్ల తరబడి చూచి, ఏరి నిలిపినవి. ఆ పని జరుగు విధమును, అది మన సీమకు కావలసిన కారణమును ఈ వ్యాసమున వివరింతుము.

ముందుగా రకమనగా ఏమో తెలియవలెను. తీయని బేనీషా మామిడి టెంకను నాటినచో మొలిచిన చెట్టు బేనీషా కాదు. దాని పండు పుల్లనిది కావచ్చును, పీచుది కావచ్చును. అంటు కట్టినప్పుడే తల్లిచెట్టు గుణములు మారక నిలుచును. గులాబియు ఇట్టిదే. ఒకే కాయలోని పది గింజలు పది విధముల మొక్కలగును. కొమ్మను కత్తిరించి నాటినను, కన్ను తీసి అంటు కట్టినను, పెరుగునది ఆ పాత మొక్కయే. కావున గులాబి రకమనగా, ఒకప్పుడు ఒకే గింజనుండి మొలిచిన ఒకే మొక్క అంట్ల ద్వారా వేల తోటలకు విస్తరించినదని అర్థము. ఒక్కొక్కప్పుడు ఒక కొమ్మ కంటిలోనే మార్పు కలిగి, ఆ కొమ్మ మాత్రము వేరు రంగు పూలు పూయుటయు కలదు. దానిని వేరుచేసి అంటు కట్టినచో అదియు కొత్త రకమగును. అయితే అది అదృష్టము, సంకరణము ప్రయత్నము.

పూర్వపు ఐరోపా గులాబులు చాలవరకు వేసవిలో ఒక్కసారి పూచి ఊరకుండెడివి. 18వ శతాబ్దము చివర చైనా దేశపు గులాబులు ఓడలలో అచ్చటికి చేరినవి. వీనికి మరల మరల పూయు గుణము కలదు. ఈ రెండు తెగల కలయికవలన కొత్త సంతతి బయలుదేరినది. 1867లో ఫ్రాన్సు దేశమున గియో అను తోటపనివాడు వెలువరించిన ‘లా ఫ్రాన్స్’ను, నేడు మనము చూచు పెద్దపూల గులాబులకు ఆదిగా ఎంచుచున్నారు. 1935లో అదే దేశమున ఫ్రాన్సిస్ మెయాన్ అనునతడు చేసిన సంకరణమునుండి ఒక మేలైన మొక్క వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధము ముంచుకొని వచ్చుచుండగా దాని కొమ్మలను అతడు అమెరికాకు పంపెను. 1945 ఏప్రిల్ 29వ తేదీన అచ్చట దానికి ‘పీస్’, అనగా శాంతి, యని పేరు పెట్టిరి. సంకరణము చేసిన నాటినుండి ఈ పేరు పెట్టిన నాటివరకు 10 సంవత్సరములు గడచినవని విద్యార్థులు గమనింతురు గాక.

ఈ గులాబులు ఎక్కువగా మంచు కురియు దేశములలో ఏరబడినవి. చలికి చావని మొక్కను అచ్చటివారు మేలని నిలిపిరి. మండుటెండకు తాళునా, ఎడతెగని వానకు నిలుచునా యని చూడవలసిన అవసరము వారికి లేకపోయెను. అవి మన దేశమునకు వచ్చినప్పుడు అందమునకు కొదవ లేదు. ఓర్పునకు కొదవ కలిగినది. ఎండలు ముదిరినంతనే పూవు చిన్నదై రేకులు త్వరగా రాలును. వానకాలమున నల్లమచ్చ తెగులు సోకి ఆకులు పండి రాలిపోవును. పగలు పొడిగాను రాత్రి చల్లగాను ఉండు దినములలో బూడిద తెగులు లేతచిగురును పట్టును. అప్పుడు రైతు మందు కొట్టక తప్పదు. మందునకు సొమ్ము కావలెను. కొట్టువాని ఊపిరికిని, కోయు స్త్రీల చేతులకును దానివలన హాని కలుగవచ్చును. కావున తెగులును, ఎండను తట్టుకొను గులాబి మనకు అలంకారమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. అది కుటుంబముల ఆరోగ్యమునకును, ఆదాయమునకును సంబంధించినది.

ఈ లోటును తీర్చుటకు మన దేశమున పూనుకొన్నవారిలో డాక్టర్ బి. పి. పాల్ (1906-1989) ముఖ్యులు. ఆయన వృత్తిరీత్యా గోధుమ శాస్త్రజ్ఞులు. తుప్పు తెగులును తట్టుకొను గోధుమలకై జీవితమును వినియోగించిరి. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిరి. గోధుమలో ఆరితేరిన ఆ చేతులతోనే గులాబులను సంకరించిరి. 1962లో వెలువడిన ‘రోజ్ షెర్బెట్’, తరువాత వచ్చిన ‘ఢిల్లీ ప్రిన్సెస్’, ‘మృణాళిని’ మొదలగునవి ఆయన కృషి ఫలములు. మనకు సమీపమున బెంగుళూరు చెంత హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ కలదు. మన జిల్లాలోని నందికొండలయందు పుట్టిన అర్కావతి నది ఆ హెసరఘట్ట చెరువును నింపునదియే. ఆ సంస్థవారి ‘అర్క పరిమళ’, ‘అర్క సవి’ యను గులాబులు దక్షిణదేశమున సంకరణముచే వచ్చిన రకములు.

తెలుగువారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన కథ మరియొకటి కలదు. శ్రీ ఎం. ఎస్. వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, గడువునకు ముందే ఉద్యోగమును విడిచి, గులాబుల సంకరణమునకై కొడైకనాలులో స్థిరపడిరి. సతీమణి శ్రీమతి గిరిజ ఈ కృషిలో ఆయనకు తోడయిరి. వారి ఆలోచన మిక్కిలి సులభముగా తెలియునది. చలిదేశపు గులాబులను చలిదేశపు గులాబులతోనే కలిపినచో ఎండకు ఓర్చు గుణము ఎచ్చటినుండి వచ్చును? తల్లిదండ్రులలో ఒకరైనను ఉష్ణదేశమునకు చెందవలెను. అందుచే వారు రెండు అడవి గులాబులను చేపట్టిరి. ఒకటి ‘రోజా క్లైనోఫిల్లా’. ఇది వంగదేశపు నదీతీరములలోను, చిత్తడి నేలలలోను పెరుగును. నీట మునిగినను ఓర్చును. తెల్లని ఒంటిరేకుల పూలు పూయును. రెండవది ‘రోజా జైగాంటియా’. ఇది మణిపూరు, బర్మా కొండలలో చెట్లను అల్లుకొని పైకి ప్రాకు మహాలత. వెన్నవంటి లేతపసుపు వన్నెలో పెద్ద పూలు పూయును. మణిపూరులోని సిరోహి కొండమీద 1882లో జార్జి వాట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను.

వారు పుట్టించిన రకములలో ఒకదానికి ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అని పేరు. ఇది హైదరాబాదులో సరోజినీనాయుడు గారి ఇంటి పేరు. 2018లో మరియొక పసుపువన్నె గులాబికి ‘ఇ. కె. జానకి అమ్మాళ్’ అని పేరు పెట్టిరి. జానకి అమ్మాళ్ (1897-1984) కేరళ దేశమున పుట్టి, కోయంబత్తూరులో చెరకు సంకరణముపై పనిచేసి, పెంపుడు మొక్కల క్రోమోజోములను గూర్చి 1945లో డార్లింగ్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞునితో కలిసి ఒక మహాగ్రంథమును వెలువరించిన విదుషీమణి. స్త్రీలకు చదువే అరుదుగా ఉన్న దినములలో ఆమె ఇంత పని చేసినదని బాలికలు గుర్తుంచుకొనవలెను.

ఇక పని జరుగు విధమును వినుడు. గులాబి పువ్వులో ఆడభాగమును మగభాగమును రెండును కలవు. ఊరకున్నచో తన పుప్పొడి తనమీదనే పడవచ్చును. కావున తల్లిగా ఎంచిన మొక్కపై రేపు విచ్చబోవు మొగ్గను నేడే పట్టుకొని, రేకులను మెల్లగా తీసివేసి, నడుమనున్న కేసరములను చిన్న కత్తెరతో ఒక్కటియు మిగులకుండ కత్తిరింపవలెను. తండ్రిగా ఎంచిన పువ్వు కేసరముల తలలను కాగితముపై రాల్చి, నీడలో ఒక దినము ఆరనిచ్చినచో అవి పగిలి పచ్చని పొడి వెలువడును. తల్లిపువ్వు నడుమనున్న కీలాగ్రములు జిగటగా మారినప్పుడు ఆ పొడిని మెత్తని కుంచెతో అద్ది, తేనెటీగలు వేరు పుప్పొడిని తేకుండ కాగితపు సంచి తొడుగవలెను. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ వ్రాసిన చీటిని కాడకు కట్టవలెను. ఈ చీటి లేనిచో తక్కిన శ్రమయంతయు గాలిపాలే.

పని ఫలించినచో పూవు అడుగుభాగము ఉబ్బి కాయయగును. మూడున్నర లేక నాలుగు నెలలకు అది పచ్చదనము వీడి నారింజ లేక ఎరుపు రంగునకు తిరుగును. లోపలి గింజలను కడిగి, తడి ఇసుకలో గాని తడి కాగితములో గాని పొదిగి, శీతలయంత్రమున సుమారు 4 డిగ్రీల చలిలో ఆరెనిమిది వారములు ఉంచుదురు. చలికాలము గడచినదని గింజ నమ్మినగాని నిద్ర మేల్కొనదు. పిదప నాటిన గింజలలో సగము కూడ మొలవకపోవచ్చును. మరల మరల పూయు తెగకు చెందిన మొక్కలు మొలిచిన కొలది వారములకే తొలి మొగ్గ వేయును. అడవితీగ సంతతియైనచో తొలి పువ్వునకే ఏండ్లు వేచియుండవలసి వచ్చును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. గులాబి కణములలో క్రోమోజోములు ఏడేసి చొప్పున గుంపులై ఉండును. అడవి గులాబులలో పెక్కింటికి, పైని చెప్పిన రెండింటికిని, 14 ఉండును. నేటి తోటగులాబులలో చాలవాటికి 28. సంతానమునకు తల్లినుండి సగము, తండ్రినుండి సగము రావలెను గదా! 14లో సగము 7, 28లో సగము 14, కలిసి 21. ఈ మూడు గుంపులు సరి జతలుగా విడిపోలేవు. అందుచే అట్టి మొక్క పూచినను తరచుగా గొడ్డుబోవును. దానినుండి తరువాతి తరము పుట్టుట కష్టము. ఎప్పుడో ఒకటి గింజ కట్టినచో దానినే పట్టుకొని సంకరణము చేయువాడు ముందునకు సాగును. వెలుపలినుండి అడవిరక్తమును తెచ్చుట చెప్పినంత తేలిక కాకపోవుటకు ఇదియే కారణము.

పుట్టించుట ఒక వంతు. ఏరుట పది వంతులు. వందల మొక్కలలో రంగు బాగున్నది తెగులునకు లొంగును, తెగులునకు లొంగనిది వాసన లేనిదగును, రెండును ఉన్నది పూలు తక్కువగా పూయును. మమకారము విడిచి చాలవాటిని పెరికి పారవేయవలెను. మిగిలిన కొలదింటిని గట్టి వేరుగల మొక్కలపై కన్ను అంటు కట్టి, ఎండలు, వానలు, చలి పలుమారులు గడచువరకు చూడవలెను. అంటుమొక్కలన్నియు ఒకే తీరుగా నిలిచినగాని దానికి పేరు పెట్టరాదు. ఇట్లు వచ్చిన కొత్త రకముపై హక్కును కాపాడుటకు మన దేశమున 2001లో మొక్కల రకముల పరిరక్షణకును, రైతుల హక్కులకును ఒక చట్టము చేయబడినది. ఆ చట్టము ప్రకారము శాస్త్రజ్ఞుడే కాక రైతు కూడ తాను పెంపొందించిన రకమును తన పేర నమోదు చేయించుకొనవచ్చును. ఈ సంగతిని పూలతోటలు గల తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలెను.

ఈ పనికి పెద్ద భవనములు అక్కరలేదు. రెండు తొట్లు, ఒక కత్తెర, ఒక కుంచె, కొన్ని చీటీలు, ఒక నోటుపుస్తకము చాలును. వానలు వెనుకబట్టిన పిమ్మట చలి మొదలగు దినములలో సంకరణము చేసినచో ఎండలు ముదురునాటికి కాయ పండును, గింజలు చలిలో ఉండగా వేసవి గడచును, తొలకరితో నాటవచ్చును. మొదటి ఏట పది పూలకు పుప్పొడి అద్దినచో ఒకటి రెండు కాయలు నిలిచినను అది మంచి ఫలితమే. ఏ పూవునకు ఏ పుప్పొడి అద్దినది, ఎన్ని గింజలు వచ్చినవి, ఎన్ని మొలిచినవి, ఏ ఆకుపై మచ్చ కనబడినది—ఇవన్నియు చక్కని తెలుగులో తేదీలతో వ్రాసి ఉంచుట విద్యార్థుల పని. శాస్త్రము పరభాషలోనే ఉండునను భ్రమ అట్టి నోటుపుస్తకముతోనే తొలగును.

సోమేనహళ్ళి పరిసరముల రైతులు ఎండ అనగా ఏమో, నీటి ఎద్దడి అనగా ఏమో పుస్తకము చూడకయే ఎరుగుదురు. మందు కొట్టని ఏడు కూడ ఆకు రాల్చని మొక్క ఏ పొలపు గట్టున ఉన్నదో వారికి తెలియును. మేలైన గులాబికి తల్లియో తండ్రియో కాదగినది అట్టి మొక్కయే. దానిని చూచినప్పుడు ఎరువుల ఖాతాలో మరచిపోక, గుర్తు పెట్టి, ఇంటి పిల్లలకు చూపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. పిల్లలు దాని ప్రక్కన ఒక చీటి కట్టి, తేదీ వ్రాయుదురు గాక.