రొయ్యల చెరువు పక్కన రాజ్యాంగం
నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల వల్ల తాగునీరు ఉప్పెక్కితే ఏ చట్టం పట్టించుకుంటుంది? రాజ్యాంగంలో 'రొయ్య' అన్న మాటే లేదు. 21వ అధికరణం జీవించే హక్కు గురించి చెబుతుంది, 48ఏ పర్యావరణాన్ని కాపాడమని రాజ్యానికి చెబుతుంది, అంతే. అసలు అర్థం ఎస్. జగన్నాథ్ కేసులో దొరుకుతుంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల చెరువులు వద్దంది. పులికాట్, చిలికా సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల వరకూ నిషేధించింది. అక్కడితో ఆగిపోతే మాత్రం పొరపాటే. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్‌తో సాగుకు దారి తెరిచింది. 2023లో దాన్నీ సవరించింది. కాబట్టి అధికరణం, తీర్పు, తాజా చట్టం మూడూ కలిపి చదవాలి.

ఇదంతా లాయర్ల పని కదా అనవచ్చు. కోర్టులో వాదించడం వారి పనే. కానీ తన ఊరి నీటికి సంబంధించిన ప్రశ్న సరిగ్గా అడగడం పౌరుడి పని. ఇంగ్లిషు అడ్డమన్న మాటలో నిజముంది. తీర్పుల భాష నిజంగానే కష్టం. అయినా రాజ్యాంగం తెలుగులో ఉంది, ఇండియా కోడ్‌లో కేంద్ర చట్టాలు, ఈ-ఎస్‌సీఆర్‌లో సుప్రీంకోర్టు తీర్పులు ఉచితంగా దొరుకుతాయి. కొన్ని తీర్పులు తెలుగులోకీ వస్తున్నాయి. గ్రామసభకు వెళ్లేముందు ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తాజా ప్రతిని ఒకసారి తెరిచి చూడండి.