రేవా నది చిప్పలు

స్వాతివాన చినుకు పడి ముత్యమగునని కవులు చెప్పిన సముద్రపు చిప్పను మన సోదరీమణులందరు నెరుగుదురు. ముత్యము నీయని చిప్పను తలచువారెవరు? అట్టి దానిని గూర్చియే నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పసిఫిక్ మహాసముద్రమున ఫిజీ ద్వీపములు మున్నూటికి పైగా గలవు. వానిలో పెద్దదగు విటిలేవునందు రేవా, బా, సింగటోకా మొదలగు నదులలో మంచినీటి చిప్ప యొకటి పెరుగును. ఫిజీవారు దానిని 'కై' యందురు. పైన నలుపు గలసిన గోధుమవన్నె, లోపల ఊదా ఛాయ. ఆ ఛాయను బట్టియే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్కు 1818లో దీనికి 'వయొలేసియా' యని పేరిడెను. ఇసుకలోను బురదలోను పూడుకొని, నీటిని లోనికి పీల్చి, అందలి సూక్ష్మపదార్థములను తిని, మిగిలిన నీటిని వెలికి విడుచుచు ఇది జీవించును.

వీనిని ఏరువారు చాలవరకు స్త్రీలే. లోతు నీటిలో దిగి, కాళ్ళతో తడవి, మునిగి చేతులతో తీయుదురు. గంటలకొలది తడిసిన మేనితోనే పని. తెచ్చిన చిప్పలను సువా, నవుసోరి సంతలలో కుప్పలు పోసి అమ్ముదురు. ఉప్పుపప్పులకును బిడ్డల చదువునకును ఆ కాసులే ఆధారమగు ఇండ్లు గలవు. మగవాని వలకు గల గౌరవము ఆడుదాని బుట్టకు లేకుండుట మాకు న్యాయముగా తోపదు.

మాది మాంసము ముట్టని యిల్లు. అయినను వంటవిధానము చెప్పక మానలేము. చిప్పలను కొంతసేపు మంచినీట నుంచి ఇసుక కక్కించి, నోళ్ళు తెరచువరకు ఉడికించి, కొబ్బరిపాలు, ఉల్లి, మిరప చేర్తురు.

ఆ నదీతీరము మన తెలుగువారికి క్రొత్తది గాదు. 1903 మొదలు 1916 వరకు మదరాసు రేవునుండి కూలి ఒప్పందముపై ఫిజీకి పోయినవారిలో మనవారును గలరు. రేవా యొడ్డున నవుసోరిలో 1882 నుండి 1959 వరకు చక్కెర మిల్లు నడచినది.

ఇప్పటి దిగులంతయు నీటిని గూర్చియే. వరదభయమున నదీగర్భమును యంత్రములతో త్రవ్వినపుడు కై నివసించు ఇసుకయే పోవును. ఊరి మురుగు కలసినచో, నీటిని పీల్చి బ్రతుకు ప్రాణి గాన రోగబీజములను సైతము తనలో చేర్చుకొనును. మంచినీట నుంచినచో ఇసుక పోవును గాని అవి పూర్తిగా పోవు. బాగుగ ఉడికించుటయే గతి. ఒకచోట చిప్పలు తరిగినచో స్త్రీలు పడవ కట్టించుకొని దూరపు మలుపులకు పోవలయును. పడవ బాడుగ పోగా మిగిలినదెంతో, సంతనుండి యిల్లు చేరి, తడిచీర యారకమునుపే ఆ యిల్లాలు లెక్క చూచుకొనవలసినదే.