కడుపులోని క్యాన్సర్ కణం ఎలా పాకుతుంది?

జీర్ణాశయం లోపలి పొరలో కణాలు చేయీ చేయీ పట్టుకున్నట్టు అతుక్కుని ఉంటాయి. ఆ పట్టు ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్‌ది. ఒక కణం మీది ప్రొటీన్ పక్క కణం మీది ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. కాల్షియం లేకపోతే ఆ పట్టు నిలవదు. మరి పట్టు సడలితే? క్యాన్సర్ కణం విడివడి లోతైన పొరల్లోకి పాకిపోతుంది.

న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబాన్ని జీర్ణాశయ క్యాన్సర్ తరతరాలుగా పీడించింది, చిన్న వయసువాళ్లను కూడా. కారణం వెతకమని వాళ్లే శాస్త్రవేత్తలను అడిగారు. ఎంత ధైర్యం! ఇ-క్యాడ్హెరిన్‌ను తయారుచేసే జన్యువులోనే లోపముందని 1998లో తేలింది.

ఈ క్యాన్సర్ వచ్చిన ఇంకొందరిలో కణాల మీద హెర్2 ప్రొటీన్ మితిమీరి ఉంటుంది. పెరగమని కణం లోపలికి ఆగకుండా కబురు పంపుతుంది. ట్రాస్టుజుమాబ్ మందు దానికి అతుక్కుని ఆ కబురును అడ్డుకుంటుంది.