సేవ్ చేశాం, మరి మారలేదేం?

గత నెల తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు బడి కంప్యూటరు ముందు కూర్చుని, సరిగ్గా రాసుకున్న నాలుగు లైన్లు తనే చెరిపేశాడు. చెరపమన్నది నేనే.

మా పిల్లలు విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌కు చిన్న ఎక్స్‌టెన్షన్ రాస్తున్నారు. అంటే ఎడిటర్‌కు అదనంగా తగిలించే పనిముట్టు. వీళ్లది వ్యాసంలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెడుతుంది. జావాస్క్రిప్ట్‌ను మామూలుగా పొడవు అడిగితే 'తెలుగు' అన్న మాటకు 6 అంటుంది. గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కేస్తుంది మరి. మనకు అవి మూడే అక్షరాలు. అలా లెక్కపెట్టడానికి ఆ భాషలోనే సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది. వాడు దాన్ని పట్టుకున్నాడు, రాశాడు, సేవ్ చేశాడు, కమాండు నడిపాడు. మళ్లీ 6. నేను పక్క నుంచి చూసి, "ఇది కాదులేరా, వేరే దారి చూడు" అనేశాను.

"ఇంగ్లీషు మీడియం వాళ్లయితే చేసేవాళ్లేమో సార్" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. రాత్రి నేనే కూర్చుని వాడి లైన్లు మళ్లీ రాసి చూశాను. అవి సరిగ్గానే ఉన్నాయి.

జరిగింది ఇది. ఎఫ్5 నొక్కితే పరీక్ష కోసం రెండో విండో తెరుచుకుంటుంది. మన కోడు ఒకసారి మెమరీలోకి ఎక్కాక ఆ విండో దానితోనే నడుస్తుంది. మనం సేవ్ చేస్తే మారేది డిస్కు మీది ఫైలు మాత్రమే. ప్రశ్నపత్రం దిద్ది బీరువాలో పెట్టాం, పిల్లల చేతుల్లో పాత జిరాక్సే ఉంది అన్నట్టు.

కాబట్టి సేవ్ చేశాక ఆ రెండో విండోలోకి వెళ్లి కంట్రోల్, ఆర్ నొక్కాలి. అప్పుడు విండో కొత్త కోడుతో మళ్లీ మొదలవుతుంది. మొదటి విండోను రీలోడ్ చేసి 'చేశాను సార్' అనే పిల్లలు మా దగ్గర చాలామందే. టైప్‌స్క్రిప్ట్‌లో రాస్తే ఇంకో మెలిక ఉంది. నడిచేది మనం రాసిన ఫైలు కాదు, దాన్నుంచి తయారైన జావాస్క్రిప్ట్ ఫైలు. అది తయారు కాకుండా ఎన్నిసార్లు రీలోడ్ చేసినా పాతదే వస్తుంది. వాచ్ పెట్టుకుంటే సేవ్ చేసినప్పుడల్లా అదే తయారుచేస్తుంది. రీలోడ్ మాత్రం మనమే చేయాలి.

అన్ని ఎడిటర్లూ ఇలా ఉండవు. సబ్లైమ్ టెక్స్ట్ ప్లగిన్ ఫైలు సేవ్ కాగానే తనే మళ్లీ ఎక్కించుకుంటుంది. 1985 నాటి గ్నూ ఈమాక్స్‌లోనైతే, ఎడిటర్ నడుస్తుండగానే ఒక ఫంక్షన్ను మార్చేయొచ్చు. కానీ అక్కడా ఫైలంతా మళ్లీ చదివించినా డెఫ్‌వార్‌తో ఇచ్చిన విలువ పాతదే ఉండిపోతుంది.

ఇప్పుడు మా తరగతిలో ఒక అలవాటు పెట్టాం. ఎక్స్‌టెన్షన్ చూపించే సందేశం చివర ఒక అంకె వేస్తాం, మార్చినప్పుడల్లా దాన్ని పెంచుతాం. 7 అని రాశాక తెర మీద 6 కనిపిస్తే నడుస్తున్నది పాత కోడన్నమాట. ఆ అంకె కనపడేదాకా ఎవరూ ఒక్క లైను చెరపకూడదు, సార్ చెప్పినా సరే.

మర్నాడు వాడికి తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. ఆ నాలుగు లైన్లు మళ్లీ రాసి, రీలోడ్ చేసి, 3 చూపించాడు. ప్రస్తుతం 'స్త్రీ' అనే మాట ఒక అక్షరమా, మూడా అని తరగతిలో పేచీ నడుస్తోంది. తెలుగు మేడమ్ గారిని కూడా పిలిచారు.