నీరు పల్లమెరుగు... మరి దారి?

"అడవిలో సైకిలు తొక్కేవాళ్ల కోసం నువ్వు మట్టి తవ్వడమేమిటమ్మా, చోద్యం కాకపోతే!" నా ఆదివారాల సంగతి ఫోన్లో చెబితే మా అత్తయ్యగారు అన్న మాట ఇది. మీకూ అలాగే అనిపించొచ్చు. అందుకే కాస్త వివరంగా చెబుతాను, వినండి.

మేముండేది అమెరికాలో, సియాటెల్‌కి దగ్గర్లోని ఇసాక్వా ఊళ్లో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని ఇక్కడ పార్కుకెళ్లినా, కూరల కొట్టుకెళ్లినా తెలుగు మాట వినబడుతుంది. ఊరిని ఆనుకునే టైగర్ మౌంటెన్ అడవి. ఆకాశాన్నంటే ఫర్ చెట్లు, వాటి కింద నడుమెత్తు ఫెర్న్ పొదలు. అందులో నడిచేవాళ్లకు కొన్ని దారులు, మౌంటెన్ బైకులకు కొన్ని దారులు ఉన్నాయి. మౌంటెన్ బైకంటే మోటారు బండి కాదండోయ్! లావు టైర్లు, గట్టి బ్రేకులు ఉన్న తొక్కుడు సైకిలే.

నా వీసాతో ఉద్యోగం చేసే వీల్లేదు. బాబు బడికి, మావారు ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో గోడలే తోడు. మూడేళ్ల కిందట లైబ్రరీ బోర్డు మీద 'అడవి దారుల పనికి స్వచ్ఛందంగా రండి' అన్న కాగితం కనబడింది. డిగ్రీ అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు. బూట్లు, మంచినీళ్ల సీసా ఉంటే చాలట! వెళ్లాను.

పోటీలు, టీ, పోరాటం

ఈ సైకిళ్ల ముచ్చట 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో మొదలైంది. కొందరు కుర్రకారు బరువైన పాత సైకిళ్లతో కొండ మీద నుంచి మట్టిదారిలో దూసుకొచ్చేవారు. 1976లో పోటీలూ పెట్టుకున్నారు. కిందికొచ్చేసరికి బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు కాలిపోయేది. మళ్లీ గ్రీజు కూరితేగాని సైకిలు కదలదు. ఆ కూరడాన్నే ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు. పోటీకి ఆ పేరే స్థిరపడింది. అంతా మగవాళ్లేననుకునేరు! వెండీ క్రాగ్ అనే ఆవిడ వాళ్లతో సమానంగా తొక్కుతూనే ఆ రోజుల్ని ఫోటోలు తీసి దాచింది. జాతీయ చాంపియన్ అయిన జాకీ ఫీలన్ ఆడవాళ్ల కోసం ఓ సంఘం పెట్టింది. పేరేమిటో తెలుసా? 'మహిళల మౌంటెన్ బైక్, టీ సంఘం'!

సైకిళ్లు పెరిగేకొద్దీ గొడవలూ పెరిగాయి. దారులు పాడవుతున్నాయని, నడిచేవాళ్లకు ఇబ్బంది అని చాలాచోట్ల సైకిళ్లను నిషేధించారు. అప్పుడు కొన్ని క్లబ్బులు ఒక్కటై 1988లో అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నాయి. తొక్కేవాళ్లే దారుల్ని బాగుచేయాలన్న పద్ధతి దాంతో బలపడింది. సియాటెల్ ప్రాంతంలోనూ 1989లో ఒక క్లబ్బు పుట్టింది. ఇప్పుడు దాని పేరు ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్. మా ఊరి పక్కన 120 ఎకరాల డతీ హిల్ సైకిల్ పార్కు 2010లో తెరుచుకుందంటే వీళ్ల చలవే.

పేచీ అంతా నీళ్లతోనే

మేం పోయినేడు ఓ పాత దారిని పక్కకి మార్చాం. కారణం వాన. కొండకి నిట్టనిలువుగా, దగ్గరి దారని ఎవరో ఎప్పుడో తొక్కిన బాట అది. నీళ్లకీ దగ్గరి దారే కావాలి కదా! చినుకు పడితే చాలు, బాట కాస్తా కాలవయ్యేది. మట్టి కొట్టుకుపోయి చెట్ల వేళ్లు బయటపడ్డాయి. బురద తప్పించుకోబోయి సైకిళ్లు పక్కనుంచి పోతే, రెండడుగుల బాట పదడుగులైంది.

కొట్టుకుపోయిన మట్టి ఎక్కడికి పోతుంది? వాగులోకే. ఇసాక్వా వాగులోకి ఏటా చలికి ముందు సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీది గుడ్లు పెట్టడానికొస్తాయి. కొండల్లోని చిన్న వాగులన్నీ కలిసేది ఇలాంటి పెద్ద వాగుల్లోనే. సన్నమట్టి పేరుకుంటే గులకరాళ్ల మధ్య ఉన్న గుడ్లకు గాలి అందదు. అటు చేపా పోతుంది, ఇటు దారీ మూతపడుతుంది. అందుకే అడవిని చూసే శాఖవాళ్ల అనుమతి తీసుకుని పని మొదలెట్టాం.

మన వాకిలి లెక్కే!

మా బృందానికి పెద్ద, అరవై దాటిన ఓ రిటైర్డ్ టీచరమ్మ. వాలు కొలిచే చిన్న సాధనం కంటికి ఆనించుకుని, కొండకి అడ్డంగా నడుస్తూ రంగు జెండాలు గుచ్చింది. సగటున పదడుగులు నడిస్తే ఒక అడుగుకి మించి ఎక్కకూడదు. కొండ వాలు ఎంతుంటే దారి వాలు అందులో సగానికి మించకూడదు. మించితే నీళ్లు కొండవాలు వదిలేసి దారి పట్టుకుంటాయి.

తరవాత మా వంతు. పైనున్న ఆకుల చెత్త, మెత్తటి మట్టి తీసేసి, కింది గట్టినేల దొరికేదాకా తవ్వాలి. ఒకవైపు గొడ్డలి, రెండోవైపు పార ఉండే పనిముట్టు పేరు పులాస్కీ. 1910లో అడవి తగలబడినప్పుడు తన మనుషుల్ని గని సొరంగంలోకి తీసుకెళ్లి చాలామందిని బతికించిన అధికారి పేరు అది.

దారిని కొద్దిగా బయటివైపుకి వాల్చాలని చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. నాలుగడుగుల వెడల్పుకి రెండున్నర అంగుళాలు. కళ్లాపి నీళ్లు ముగ్గు మీద నిలవకుండా వాకిలి వీధివైపు వాల్చేది మా అమ్మమ్మ. ఇదీ అంతే! అక్కడక్కడా దారిని కాస్త దించి మళ్లీ ఎత్తుతాం. ఒకవేళ నీళ్లు దారి వెంట వచ్చినా ఆ పల్లంలో పక్కకి పోతాయి.

పాత దారిని మరిపించాలి

కొత్త దారి తవ్వడం కన్నా పాతది మూయడమే కష్టం. గట్టిపడ్డ నేలని తవ్వి గుల్లచేయాలి. నీళ్ల జోరు తగ్గేలా అడ్డంగా దుంగలు పాతాలి. కొమ్మలు, ఆకులు పరచి, కొత్త దారిలో అడ్డొచ్చిన ఫెర్న్‌లని వేళ్లతో సహా తెచ్చి నాటాలి. మలుపు దగ్గర చూస్తే అక్కడ ఒకప్పుడు బాట ఉందనిపించకూడదు.

అయినా నెల తిరక్కుండానే ఎవరో దుంగలు లాగేసి పాత బాటలోనే తొక్కారు. నాటిన మొక్కలు సగం నలిగిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టీచరమ్మ మాత్రం, "వాళ్లకి ఆ బాటంటే ఇష్టం, అందుకే. ఈసారి ఇంకాస్త బరువైన దుంగ వేద్దాం" అంది. ఐదుగురం కలిసి దొర్లించాం. మరుసటి ఆదివారం, ఇరవై ఏళ్లుగా ఆ బాటే తొక్కానని గొణిగే పెద్దమనిషి ఒకాయన కూడా పార పట్టుకొచ్చాడు. గొణగడం మానలేదు కానీ, మట్టి మాత్రం బాగానే తీశాడు!

ఈ చలికాలం వానల్లో వెళ్లి చూశాను. కొత్త దారి మీద నీళ్లు నిలవలేదు. పాత బాటలో ఫెర్న్‌లు కొన్ని చచ్చాయి, కొన్ని చిగురేశాయి. చచ్చినచోట వచ్చే నెల మళ్లీ నాటాలి.

ఈసారి జోరుగా వాన పడ్డప్పుడు మీరూ గొడుగేసుకుని ఓసారి బయటికి రండి. మీ వీధిలో, మీ గుడి మెట్ల దగ్గర నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ఎక్కడ ఆగుతున్నాయో, ఏ మట్టిని తీసుకుపోతున్నాయో చూస్తే ఎక్కడ పార పెట్టాలో మీకే తెలుస్తుంది.