పదునైదవ రాయి

"చిత్రలేఖనము నేర్చుకొనుటకు జపాను దేశపు తోట యేల? మన యెదుట చెట్లును కొండలును లేవా?" అని కొందఱు తల్లిదండ్రులు నన్నడిగిరి. వారికి సమాధానము చెప్పుటకును, నా పొరపాటొకటి ఒప్పుకొనుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

జపానులోని క్యోటో నగరమున ర్యోఆన్‌జి అను బౌద్ధాలయము కలదు. 1450వ సంవత్సరమున హొసొకావ కత్సుమొతొ అను ప్రభువు దానిని స్థాపించెను. 1994లో అది ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినది. అందలి రాతి తోటలో పూలు లేవు, నీరు లేదు, నీడనిచ్చు చెట్టైనను లేదు. సుమారు 25 మీటర్ల పొడవును 10 మీటర్ల వెడల్పును గల నేలపై తెల్లని గులకరాళ్లు పఱచి, వానిపై 15 బండలను ఐదు గుంపులుగా నిలిపినారు. బండల మొదళ్లయందు కొంచెము పాచి పెరుగును. చుట్టును పొట్టి మట్టిగోడ యుండును. సన్న్యాసులు పండ్లుగల దంతెతో గులకరాళ్లపై గీతలు దిద్దుదురు. చూచువారికవి నీటి యలలవలె తోచును. నీరు లేకయే నీటిని స్ఫురింపజేయు నిట్టి తోటను కరెసన్సుయి యందురు.

గీయవలసిన వస్తువులు కొలదిగా నున్నందున ఈ దృశ్యము క్రొత్తగా నేర్చుకొనువారికి మిగుల తగినది. అయినను ఒక్క రాయి చోటు తప్పెనా, చిత్రమంతయు చెడును.

మొదట గోడయొక్క పై యంచును క్రింది యంచును పెన్సిలుతో తేలికగా గీయుడు. తరువాత బండల స్థానములను గుర్తింపుడు. గుంపునకును గుంపునకును నడుమనున్న ఖాళీ స్థలమునకు గూడ ఒక ఆకారము కలదు. దానిని సరిగా పట్టుకొన్నచో బండలు తమంతట తామే చోటు చేరును. పిమ్మట వెలుగు ఏ ప్రక్కనుండి వచ్చుచున్నదో చూచి, ప్రతి బండకును లేత, నడిమి, ముదురు అను మూడు ఛాయలు పూయుడు. నలుపురంగు ఒక్కటి చాలును. నీరు హెచ్చించినకొలది ఛాయ లేతయగును. గులకరాళ్లకు తెల్లరంగు వలదు. కాగితమునే విడిచిపెట్టి, సన్నని కుంచెతో వరండాకు సమాంతరముగ నిలువక సాగు గీతలును, బండల చుట్టు వలయములును లేత బూడిదవర్ణమున దిద్దిన చాలును.

ఇక నా పొరపాటు. వరండానుండి తీసిన ఛాయాచిత్రమును తరగతికి చూపి, "ఇందు పదునైదు రాళ్లున్నవి" అని చెప్పితిని. ఇంచుమించు అందఱును పదునైదు గీసిరి. ఒక బాలిక పదునాలుగే గీసినది. "ఒకటి మఱచితివి" అని యెఱ్ఱసిరాతో వ్రాసి, రెండు మార్కులు తగ్గించితిని. ఆమె ఛాయాచిత్రమును తెచ్చి, "అయ్యగారూ, ఆ పదునైదవ రాయి యెక్కడనున్నదో దయచేసి చూపుడు" అని అడిగెను. మూడుమార్లు లెక్కించితిని. పదునాలుగే యున్నవి! పిదప గ్రంథములు చూడగా, ఆ వరండాలో ఎక్కడ కూర్చున్నను ఒక రాయియైనను మఱియొకదాని వెనుక మఱుగుపడునని తెలిసినది. మఱునాడు తరగతియెదుట తప్పొప్పుకొని ఆమె మార్కులు తిరిగి యిచ్చితిని. తక్కినవారు గీసిన పదునైదవ రాయి తోటలోనిది కాదు. నా నోటినుండి పుట్టినది.

తల్లిదండ్రులకు నా సమాధాన మిదియే. మన పెరటిచెట్టును మనము చిరకాలముగా ఎఱుగుదుము గనుక దానిని చూడకయే గీయుదుము. ఎఱుగని తోటను గీయవలెనన్న చూడక తప్పదు. అచ్చటగూడ విన్నమాట కంటిని మూయగలదని మేమందఱము నేర్చుకొంటిమి.

విద్యార్థులారా, ఈ సెలవులలో ఆ కన్నుతోనే మీ యింటి నూతిగట్టును గీసి తెండు. కనబడిన రాళ్లనే గీయుడు.