చలికాలం డెలివరీ బండి: జాకెట్ ఖర్చు ఎవరిది?

ఎండాకాలం వచ్చిందంటే నీళ్లు తాగండి, నీడన ఉండండి అని మనం ఒకరికొకరం చెప్పుకుంటూనే ఉంటాం. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఎండలో బయటి పని చేయించకూడదన్న నిబంధన కూడా చాలామందికి తెలుసు. చలికాలం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. "గల్ఫ్‌లో చలేంటి అన్నా?" అని ఊరి నుంచి ఫోన్‌లో నవ్వేవాళ్లు కూడా ఉన్నారు. జనవరిలో రాత్రి పదింటికి సాల్మియాలో డెలివరీ బండి నడిపే తమ్ముణ్ణి అడగండి, ఆ చలి ఏంటో చెప్తాడు.

డిసెంబరు మొదటి వారం దాటాక ఇక్కడివాళ్లు 'మర్బానియా' అని పిలిచే దాదాపు నలభై రోజుల చలి మొదలవుతుంది. జనవరి రాత్రుల్లో 8 డిగ్రీల దాకా దిగడం మామూలే. జహ్రా దాటి ఎడారి వైపు వెళ్తే ఇంకా తక్కువ. మన కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇలాంటి చలి అలవాటు లేదు. ఊళ్లో స్వెట్టరు కొనే అవసరమే చాలామందికి వచ్చి ఉండదు.

గాలి చేసే పని

నిలబడి ఉన్నవాడికి 8 డిగ్రీలంటే 8 డిగ్రీలే. బండి మీద ఉన్నవాడికి లెక్క మారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలికి ఆ 8 డిగ్రీలు ఒంటికి 2 డిగ్రీల్లా తగులుతాయి. 5 డిగ్రీలుంటే సున్నా కిందికి, అంటే మైనస్ 2 దగ్గరికి పోయినట్టే. కారులో పోయే మేనేజరుకు ఈ తేడా తెలియదు.

చలికి శరీరం ముందు గుండెను, కడుపును కాపాడుకుంటుంది. అందుకని చేతులకు, కాళ్లకు రక్తం తగ్గిస్తుంది. వేళ్లు మొద్దుబారతాయి. బ్రేకు పట్టుకున్నామో లేదో సరిగ్గా తెలియదు. 60 వేగంలో బ్రేకు పట్టడం అర సెకను ఆలస్యమైతే, ఆలోగా బండి 8 మీటర్లు ముందుకు పోతుంది. మన ముందున్న కారుకు, మనకు మధ్య ఆ 8 మీటర్లు ఉంటాయా అన్నదే ప్రశ్న.

వణుకు ఆగకుండా వస్తున్నా, మాట తడబడుతున్నా, దారి గుర్తు రాకపోయినా ఇక బండి నడపకూడదు. ఏదైనా బకాలా లోపలికో, రెస్టారెంటు లోపలికో వెళ్లి వేడిగా ఏదైనా తాగాలి. తడి బట్టలుంటే మార్చుకోవాలి. తగ్గకపోతే, మనిషి మత్తుగా అయిపోతుంటే 112కు ఫోన్ చేయాలి. ఆర్డరు లేటైతే అవుతుంది.

ఏం వేసుకోవాలి, బండికి ఏం చూడాలి

ఒకే మందపాటి చొక్కా కన్నా రెండు మూడు పొరలు మేలు. ఒంటికి ఆనుకునేది నూలు బనియన్ కాకుండా థర్మల్ అయితే మంచిది. నూలు చెమటను పట్టుకుని తడిగానే ఉంటుంది, తర్వాత అదే చలి పెడుతుంది. దాని మీద ఉన్ని స్వెట్టరు, అన్నిటికన్నా పైన గాలి దూరని జాకెట్. జాకెట్ గాలిని ఆపకపోతే లోపల ఎన్ని వేసినా లాభం లేదు. అప్పటికప్పుడు ఏమీ దొరక్కపోతే ఛాతీ మీద, జాకెట్ లోపల నాలుగు మడతల న్యూస్‌పేపరు పెట్టుకోవడం పాతకాలం నుంచి బండివాళ్లు చేసే పనే.

గ్లౌజులు గాలి ఆపేవి కావాలి, కానీ బ్రేకు లీవరు చేతికి తెలియనంత లావుగా ఉండకూడదు. మఫ్లరు కొసలు వేలాడనివ్వకండి. గొలుసులో, చక్రంలో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. హెల్మెట్ అద్దం మంచు పడితే చేత్తో తుడుస్తూ నడపకండి, కొంచెం పైకెత్తి గాలి ఆడనివ్వండి.

చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, వారానికి ఒకసారైనా చూపించాలి. బయల్దేరిన మొదటి కొన్ని నిమిషాలు టైరు చల్లగా ఉండి పట్టు తక్కువగా ఉంటుంది, మలుపుల్లో నిదానం. నెలల తరబడి వాన లేని రోడ్డు మీద మొదటి చినుకులు పడ్డప్పుడు దుమ్ము, ఆయిలు కలిసి సబ్బు నీళ్లలా జారుతుంది. తెల్లవారుజామున పొగమంచు ఉంటే లైటు వేసుకుని, వెలుగు పడితే మెరిసే జాకెట్ తొడుక్కునే బయల్దేరాలి. పెద్ద రింగ్ రోడ్ల మీద, హైవేల మీద డెలివరీ బైకులు నడపకూడదని ట్రాఫిక్ శాఖ 2021లోనే ప్రకటించింది. దగ్గర దారి అని ఎవరు చెప్పినా ఎక్కకండి.

ఇక అసలు లెక్క

నేను చదివింది బి.కాం. ఏ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్నదే మాకు మొదట నేర్పే పాఠం. జాకెట్, గ్లౌజులు, హెల్మెట్ కంపెనీ ఖాతాలోనివి. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, అంటే 2010 నాటి 6వ నెంబరు చట్టం, పనిలో ఉండే ప్రమాదాల నుంచి కార్మికుణ్ణి కాపాడే సామగ్రి యజమానే ఇవ్వాలంటుంది. దానికి కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు, జీతంలో కోయకూడదు. బండివాడికి చలిగాలి పనిలో ఉండే ప్రమాదమే.

ఫర్వానియాలో ఉండే మనవాడొకడికి కంపెనీ జాకెట్ ఇచ్చి, నెల తిరిగేసరికి జీతంలో దాని డబ్బు పట్టుకుంది. స్లిప్పులో 'యూనిఫాం' అని రాశారు. అతను మిగతా రైడర్లతో కలిసి, స్లిప్పుల కాపీలు జతచేసి, గొడవ పడకుండా ఒక కాగితం రాసిచ్చాడు. తర్వాతి నెల డబ్బు వెనక్కి వచ్చింది. అందరికీ ఇంత సులభంగా జరుగుతుందని చెప్పలేను. స్లిప్పు దాచుకున్నాడు కాబట్టి అడగగలిగాడు.

అదే చట్టంలో గుర్తుపెట్టుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. వరుసగా 5 గంటలు దాటి పని చేయించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఇవ్వాలి. చలిలో ఆ గంట చేతులు వేడెక్కడానికి కూడా. ఓవర్‌టైముకు మామూలు జీతం మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. లేటయ్యిందని ఫైను వేయాలన్నా ముందు రాతపూర్వకంగా చెప్పి, మన జవాబు వినాలి. ఈ ఫైన్ల భయంతోనే మనవాళ్లు తడి రోడ్డు మీద స్పీడు పెంచుతున్నారు.

పడితే ఏం చేయాలి

డ్యూటీలో పడ్డా, డ్యూటీకి వెళ్తూ వస్తూ పడ్డా అది పని ప్రమాదమే. వైద్యం ఖర్చు యజమానిదే, వైద్యం జరిగే కాలానికి జీతం కూడా రావాలి. కానీ కాగితం లేని ప్రమాదానికి విలువ లేదు. "చిన్న దెబ్బే కదా, గదికి పో" అన్నా పోవద్దు. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి మెడికల్ రిపోర్టు, ఆ టైముకు ఫోన్‌లో ఉన్న ఆర్డరు స్క్రీన్‌షాట్, ఈ మూడూ ఉంచుకోండి. వాటిని అదే రోజు ఊళ్లో ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపండి. ఫోన్ పగిలినా కాగితం మిగులుతుంది. కంపెనీ వినకపోతే మాన్‌పవర్ అథారిటీలో ఫిర్యాదు చేయొచ్చు, మన ఎంబసీ లేబర్ విభాగాన్ని కలవొచ్చు.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. గడువు తీరిందేమో ఈ రోజే చూసుకోండి. పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకు చెప్పండి.

20 నెంబరు వీసా ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. అది ఇంటి పని వీసా. దాని మీద బయట డెలివరీ చేయడం ఇక్కడి చట్టానికి విరుద్ధం. దీనార్లు నాలుగు ఎక్కువొస్తాయని దొంగచాటుగా బండి ఎక్కినవాడు పడితే, వైద్యం ఎవరిది అని అడిగే హక్కే చేజారుతుంది. పైగా పట్టుబడితే ఇంటికి పంపేస్తారు. చేతిలో ఇండియా లైసెన్సు ఉంది కదా అనుకోవద్దు, అకామా ఉన్నవాడికి ఇక్కడ కువైట్ లైసెన్సే కావాలి.

చివరగా, చలికి వణుకుతూ గదికి వచ్చి తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దుప్పటి కప్పుకోండి, టీ పెట్టుకోండి. జాకెట్ ఇవ్వని కంపెనీ ఉంటే నలుగురు కలిసి, ఈ వారంలోనే కాగితం రాసివ్వండి. రాయడం రాకపోతే మాలాంటి వాలంటీర్లను పిలవండి, కూర్చుని రాసిపెడతాం. మర్బానియా సగం గడిచాక జాకెట్ వచ్చినా దానితో పెద్ద ప్రయోజనం ఉండదు.